విలువ కట్టే మనిషిని ఎవరు పిలవాలి?

హనుమకొండ నుంచి ఒక సోదరి పంపిన ఉత్తరం ఇది. పేరు, వీధి బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవి తీసేసి, మిగిలిన విషయాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. భర్త కాజీపేటలో రైల్వే ఉద్యోగి. పదకొండేళ్లుగా కిరాయి ఇంట్లో ఉంటున్నారు. నయీంనగర్ నాలాకు కొద్ది దూరంలో, 160 గజాల స్థలంలో ఇరవై రెండేళ్ల కిందట కట్టిన ఇల్లు 90 లక్షలకు మాట్లాడుకుని, 3 లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు. బేరం కుదిర్చిన ఏజెంటు పరాయివాడు కాదు. భర్తకు మేనత్త కొడుకు, ఈమెకు వరుసకు అన్న. జీతం వచ్చే బ్యాంకులోనే 72 లక్షల లోనుకు దరఖాస్తు చేస్తే, బ్యాంకు పంపిన వాల్యుయర్ ఆ ఇంటికి 76 లక్షలు మాత్రమే విలువ కట్టారు. దాని మీద 80 శాతం, అంటే 60 లక్షల 80 వేలకు మించి ఇవ్వలేమని బ్యాంకు చెప్పింది. "ఆ సారుకు ఈ ఏరియా రేట్లు తెల్వయి. ఇంకో బ్యాంకుల మన వాల్యుయర్ ఉన్నడు, మనకు ఎంత గావాలె అంటే అంత రాస్తడు" అని అన్న ధైర్యం చెప్పాడు. ఆ రెండో వాల్యుయర్ ఒక ఆదివారం అన్న కారులోనే వచ్చారు, గేటు దగ్గర నుంచి నాలుగు ఫొటోలు తీశారు, మేడ మీదికి ఎక్కకుండానే పది నిమిషాల్లో వెళ్లిపోయారు. కారు ఎక్కుతుండగా అన్న "తొంభై ఎనిమిది గద సార్" అంటే ఆయన తల ఊపడం ఈమె చూశారు. ఇప్పుడు 98 లక్షలకు ఇంకొక అగ్రిమెంటు తయారై సంతకానికి వచ్చింది. దాంతో 75 లక్షల లోను వస్తుందని, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా అందులోనే వెళ్లిపోతుందని అన్న లెక్క. ఈమెకు నిద్ర పట్టడం లేదు. భర్త "మా బావ మనకు అన్యాయం చేస్తడా" అంటున్నారు. అత్తమ్మ "ఆడబిడ్డ కొడుకునే అనుమానిస్తే రేపు ఆ ఇంటి గడప ఎట్ల తొక్కుత" అంటున్నారు. ఇద్దరు వాల్యుయర్లలో ఎవరిది నిజం, తాను సొంతంగా ఇంకొకరిని పిలవవచ్చా, వద్దనుకుంటే బయానా పోతుందా, చుట్టరికం ఏమవుతుంది అన్నవి ఆమె ప్రశ్నలు. గడువు ఇంకా 44 రోజులు ఉందట. ఉత్తరం చివర, ఏదో మరిచిపోయి మళ్లీ గుర్తొచ్చినట్టుగా, ఒక వాక్యం ఉంది: "ఆ ఇంట్లో ముందుగది గోడలకు నడుమెత్తు దాకానే కొత్త రంగు వేసి ఉంది, పైన పాత రంగే ఉంది."

అమ్మా, ఆ చివరి వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను. ముందుగా, 76 నిజమా 98 నిజమా అన్న ప్రశ్నను కొంచెం పక్కన పెట్టండి. మీరు ఉత్తరంతో పాటు పంపిన మొదటి రిపోర్టు పేజీని చదివాను. అందులో దాచినదేమీ లేదు. 160 గజాలకు గజం 38,500 చొప్పున స్థలం 61 లక్షల 60 వేలు. కింది అంతస్తు 1,200 చదరపు అడుగులు, ఈ రోజు కొత్తగా కడితే అడుగుకు 1,800 చొప్పున 21 లక్షల 60 వేలు అవుతుందని తీసుకుని, ఇరవై రెండేళ్ల తరుగుదల కింద మూడో వంతు తీసేస్తే 14 లక్షల 40 వేలు మిగిలింది. రెండూ కలిపితే 76. మంజూరైన ప్లానులో లేదు కాబట్టి పైన ఉన్న గదిని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. అమ్మేవారి 90 లక్షలను ఇదే పద్ధతిలో విడదీస్తే, కట్టడం విలువ అదే ఉంటుంది, స్థలం గజం 47,000 దాటుతుంది. అంటే మీ తగాదా అంతా ఒక్క అంకె మీద ఉంది, గజం 38,500కా, 47,000కా అని. రెండో వాల్యుయర్ 98 ఎలా తెచ్చారో చూపించే పేజీ మీ దగ్గర లేదు. మేడ ఎక్కని మనిషి ఆ గదిని కలిపారో లేదో కూడా మనకు తెలియదు. దారి చూపించిన అంకెనూ దారి చూపించని అంకెనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని పోల్చుకోవడంలో అర్థం లేదు.

అలాగని మొదటాయన రాసిందే వేదమని నేను అనడం లేదు. బ్యాంకు వాల్యుయర్ బ్యాంకు కోసం పనిచేస్తారు. ఫీజు మీ ఖాతా నుంచే పోయినా, రేపు మీరు వాయిదాలు కట్టకపోతే ఆ ఇల్లు అమ్మితే ఎంత వస్తుందన్నదే ఆయనకు వేసిన ప్రశ్న. అందుకే అలాంటి రిపోర్టుల్లో మార్కెట్ విలువ కింద, తొందరలో అమ్ముకుంటే వచ్చే విలువ అని ఇంకా తక్కువ అంకె ఒకటి ఉంటుంది. కాస్త కిందికి కట్టడం ఆయనకు క్షేమం. కాబట్టి ఆ 38,500 నిజంగానే పాత రేటు అయివుండే అవకాశం ఉంది.

ఆ రేటు ఎక్కడి నుంచి వస్తుందో చెబితే మీ అన్న మాటకు ఇంత బలం ఎందుకుందో అర్థమవుతుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితాల్లో ఉండేది చాలాసార్లు ప్రభుత్వ విలువకు దగ్గరగా రాసిన ధర మాత్రమే, చేతులు మారిన అసలు ధర కాదు. పక్కింటి దస్తావేజు నకలు తెప్పించుకున్నా అందులో నిజం సగమే దొరుకుతుంది. అందువల్ల వాల్యుయర్ చివరికి చేసేది "స్థానిక విచారణ". అంటే వీధి మలుపులో ఉన్న ఏజెంటును అడగడం. ఇది దొంగతనం కాదు. అసలు ధరలు తెలిసినవాళ్లు వాళ్లే.

నేను కరీంనగర్‌లో లోన్ల సెక్షన్ చూస్తున్న రోజుల్లో, ఒక వాల్యుయర్ ఆరు నెలల పాటు ఇచ్చిన రిపోర్టులన్నీ అగ్రిమెంటు ధరకు రూపాయి అటూ ఇటూ కాకుండా వచ్చేవి. నాకు అది ముచ్చటగానే ఉండేది, ఫైలు తొందరగా కదిలేది కదా. ఒక సాయంత్రం పాత ఫైళ్లు వరుసగా తిరగేస్తుంటే, స్థానిక విచారణ అన్న గడిలో ప్రతిసారీ అవే రెండు ఫోన్ నంబర్లు కనిపించాయి. రెండూ ఒకే ఏజెంటువి. వాల్యుయర్‌ను పిలిచి అడిగితే ఆయన నొచ్చుకున్నారు. లంచం తీసుకోలేదు, నేను నమ్ముతాను. ఆయన వేరే ఊరివాడు, బస్సు దిగగానే బండి మీద ఎక్కించుకుని తిప్పేవాడు, చాయ్ తాగించేవాడు, రేటు చెప్పేవాడు ఆ ఏజెంటు ఒక్కడే. ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టినవాడిని నేనే.

కాబట్టి ఏజెంటు రేటు చెప్పడం వేరు, వాల్యుయర్‌ను ఎంచుకోవడం వేరు. ఈ తేడా పట్టుకుంటే మీ అన్నను దొంగ అనకుండానే మీ పని మీరు చేసుకోవచ్చు. బ్యాంకులు స్వతంత్రులైన, అర్హత గల వాల్యుయర్లతో సొంత ప్యానెల్ పెట్టుకోవాలని, విలువ కట్టించే ఆస్తిలో వారికి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఏ లాభమూ ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2007 జనవరిలోనే బ్యాంకులకు చెప్పింది. ప్యానెల్‌లో ఉన్నవారిలో ఎవరు వెళ్లాలో తేల్చవలసింది బ్యాంకు. మీరు కాదు, అమ్మేవారు కాదు, మధ్యవర్తి అసలే కాదు. ఆచరణలో ఏమవుతుందంటే, లోను ఏజెంటు ఒకడు, ఇంటి ఏజెంటు ఒకడు కలిసి ఫైలు తయారుచేసి తెస్తారు, "ఫలానా సారు ఇవాళ అటే వస్తున్నరు, ఆయనకే ఇయ్యిండ్రి" అంటారు, ఒత్తిడిలో ఉన్న బ్యాంకు ఉద్యోగి సరే అంటాడు.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో ఇళ్ల ధరలు కుప్పకూలుతున్న 2007లో, అనుకున్న అంకె రాసే వాల్యుయర్లకే పని దొరికేలా రుణసంస్థ ఒత్తిడి తెచ్చిందన్న ఆరోపణ మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ కేసు వేశారు. ఆ తర్వాత, బ్యాంకుల దగ్గర ఇంటి రుణాలు కొనుక్కునే అక్కడి పెద్ద సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ కొనే రుణాలకు 2009 మే 1 నుంచి ఒక నియమావళి వచ్చింది. రుణ దళారులు, ఇళ్ల ఏజెంట్లు వాల్యుయర్‌ను ఎంచుకోకూడదన్నది దాని సారం. 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం వాల్యుయర్ల స్వతంత్రతను చట్టంలోకే ఎక్కించింది. అయితే అక్కడి నిబంధనల్లో నాకు నచ్చింది ఇంకొకటి. ఫలానా ఇళ్ల అమ్మకాలు కూడా పరిశీలించండి, ఈ తప్పు సరిదిద్దండి, మీ అంకెకు కారణం వివరించండి అని వాల్యుయర్‌ను అడగడం తప్పు కాదు. ఇంత రాయండి అనడమే తప్పు. ఆ కట్టడికి వాళ్లు మూల్యం కూడా చెల్లించారు. మధ్యలో వాల్యుయేషన్ పనులు పంచే కంపెనీలు పెరిగి ఫీజులో వాటా తీసుకున్నాయి, ఆ వీధి ముఖం చూడని మనిషి దూరం నుంచి వచ్చి విలువ కడుతున్నాడని అక్కడి ఏజెంట్లు వాపోయారు. మీ అన్న మొదటి వాల్యుయర్ గురించి చెప్పిన మాట కూడా అదే కదా. అందులో నిజం పాలు ఉండవచ్చు. దానికి మందు వాల్యుయర్‌ను మార్చడం కాదు, ఆయన ముందు రేట్లకు ఆధారాలు పెట్టడం.

ఇక మీ అన్న గురించి. ఆయన మీకు అన్యాయం చేయాలనుకుంటున్నాడా అని మీ ఇంట్లో వాదన నడుస్తోంది. ఆ ప్రశ్న పక్కన పెట్టి ఆయన కమీషన్ లెక్క ఒకసారి వేయండి. రెండు వైపులా ఒక్కో శాతం తీసుకుంటున్నాడని రాశారు. 90 లక్షల మీద 1 లక్షా 80 వేలు. ధర 10 లక్షలు తగ్గి 80కి వస్తే ఆయన నష్టపోయేది 20 వేలు. బేరం చెడితే మాత్రం మొత్తం పోతుంది. అంటే ఆయనకు పెద్ద ధర అక్కరలేదు, బేరం తెగితే చాలు. ఇప్పటిదాకా బేరం తెగడానికి సులువైన దారి బ్యాంకు అంకెను పెంచడం అని ఆయనకు అనిపించింది. అమ్మేవారి అంకెను తగ్గించడమే దారి అని తెలిసిన రోజున, అమ్మేవారి దగ్గర ఆయనే మీ తరఫున మాట్లాడతాడు, మీకన్నా బాగా మాట్లాడతాడు. ధర ఎంతకు దిగినా మీ వైపు కమీషన్ ఇప్పుడు అనుకున్న 90 వేలే ఇస్తామని ముందే చెప్పండి. ఇందులో చుట్టరికానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

మీ ముందున్న దారుల్లో మొదటిది, అన్న చెప్పినట్టు వెళ్లడం. అప్పుడు మీరు సంతకం పెట్టే కాగితం ఏమిటో చూసుకోండి. బ్యాంకు 75 లక్షలు ఇస్తే, 98 లక్షల ధరలో మిగిలిన 23 లక్షలు మీ చేతి నుంచి ఇచ్చినట్టు రశీదు అడుగుతుంది. మీరు నిజంగా ఇచ్చేది 15. ఇవ్వని 8 లక్షలకు రశీదు పుట్టించాలి. దస్తావేజు కూడా 98కే రాస్తే తెలంగాణలో 7.5 శాతం చొప్పున రిజిస్ట్రేషన్ ఖర్చు 60 వేలు పెరుగుతుంది. తక్కువకు రాస్తే బ్యాంకుకు ఇచ్చిన అగ్రిమెంటూ దస్తావేజూ ఒకదానితో ఒకటి పొసగవు. రేపు ఫైలు తనిఖీకి వస్తే వాల్యుయర్ బ్యాంకు ప్యానెల్ నుంచి పోతాడు, ఏజెంటు సంతకం ఎక్కడా ఉండదు, సంతకాలు ఉండేది మీవి, మీ వారివి. ఇద్దరూ ప్రభుత్వ జీతం మీద ఉన్నవారు. పైగా 60 లక్షల 80 వేలకు బదులు 75 లక్షలు తీసుకుంటే, 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లు అనుకున్నా, నెల వాయిదా 12 వేల రూపాయలకు పైగా పెరుగుతుంది. ఈ దారి గురించి నేను ఇంతకన్నా తూకంగా మాట్లాడలేను. ఆ రెండో అగ్రిమెంటు మీద సంతకం చేయవద్దు.

రెండో దారి, మీ బ్యాంకులోనే పునఃపరిశీలన కోరడం. రిపోర్టులో గజం రేటుకు ఆధారం ఏమిటో, ఏ అమ్మకాలతో పోల్చారో తెలపమని, అవసరమైతే ప్యానెల్‌లోని ఇంకొక వాల్యుయర్‌ను బ్యాంకే పంపాలని మేనేజరుకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. మీ అన్న అసలు నైపుణ్యం ఇక్కడ పనికొస్తుంది. గత ఏడాదిలో అదే వీధిలోనో పక్క వీధిలోనో, అంతే వెడల్పు దారి ఉన్న ఇళ్లు ఏవేవి అమ్ముడయ్యాయో, కొన్నవారు బ్యాంకు లోనుతో కొన్నారో లేదో రాసివ్వమనండి. లోనుతో కొన్న ఇంటి దస్తావేజులో ధర నిజానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. మెయిన్ రోడ్డు మీది స్థలాన్ని తెచ్చి మీ ఇరుకు సందుకు పోలిక పెడితే మాత్రం ఒప్పుకోవద్దు. అంకె 80కో 82కో పెరగవచ్చు, పెరగకపోవచ్చు. రెండు మూడు వారాలు పట్టవచ్చు కాబట్టి 44 రోజుల్లో ఈ పనే ముందు మొదలుకావాలి.

మూడోది మీరు అడిగినదే, సొంతంగా ఒకరిని పిలవడం. తప్పకుండా పిలవవచ్చు. ఆ రిపోర్టును బ్యాంకు లోను కోసం ఒప్పుకోదు, అది మీ కళ్లు తెరవడానికి మాత్రమే. స్థలాలు, కట్టడాల విభాగంలో ఐబీబీఐ (దివాలా వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు) దగ్గర నమోదైనవారు గానీ, ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదైనవారు గానీ వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో దొరుకుతారు. మీ అన్న ద్వారా కాకుండా, అమ్మేవారి ద్వారా కాకుండా వెతుక్కోండి. అగ్రిమెంటు ధర ఆయనకు చెప్పకండి. ముందు అంకె వింటే ఎంత నిజాయితీపరుడి మనసైనా దాని చుట్టే తిరుగుతుంది. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, విలువతో సంబంధం లేకుండా ఆ మొత్తమే ఇవ్వండి. పైన ఉన్న గది గురించి, నాలా హద్దుకు ఎంత దూరం ఉందన్న దాని గురించి ప్రత్యేకంగా చూడమనండి. ప్లాను సంగతి మాత్రం కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో మీరే కనుక్కోవాలి.

ఇప్పుడు ఆ గోడ. ఇల్లు అమ్మేవారు రంగు వేయించడం మామూలే. కానీ డబ్బు ఆదా చేసుకోవాలనుకునేవారు బయటి గోడకు వేయిస్తారు, లోపలి గోడకు నడుమెత్తు దాకా వేయించి ఆపరు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హనుమకొండలోని లోతట్టు కాలనీల్లోకి వరదనీరు ఎలా వచ్చిందో మీరు అక్కడే ఉండి చూశారు. ఎదురింటివారిని, మూల మీది కిరాణా దుకాణం వారిని "ఆ జూలైల నీళ్లు ఎక్కడి దాకా వచ్చినయి" అని అడగండి. చేతితో చూపిస్తారు. ఆ చెయ్యి ఎత్తూ ఆ రంగు ఎత్తూ ఒక్కటే అయితే, మొదటి వాల్యుయర్ గజం రేటు తక్కువ వేయడానికి కారణం మీకు దొరికినట్టే. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవారు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటుంది. వీధిలో నీళ్లు వచ్చిన సంగతి పక్కింటివారిని అడిగితే తెలిసేదే కదా అని అవతలివారు వాదించవచ్చు. అందుకే దీన్ని కోర్టుకన్నా బేరంలోనే ఎక్కువగా వాడుకోండి.

ఆ ఆధారాలన్నీ చేతికి వచ్చాక నాలుగో దారి తెరుచుకుంటుంది. ధర మళ్లీ మాట్లాడటం, లేదా తప్పుకోవడం. బ్యాంకు రిపోర్టు, నీటి గుర్తు, ప్లానులో లేని గది, ఈ మూడింటితో 80 దగ్గరికి తెస్తే, 80 శాతం లెక్కన వచ్చే లోనుకు, 90లో 72 లోను పోగా మీరు పెట్టాలనుకున్న 18 లక్షలు తోడైతే దాదాపు సరిపోతుంది. అప్పుడు "బ్యాంకులో చూపించేది 80, చేతిలో ఇంకో 8" అనే మాట వస్తే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి కొనుగోలులో 20 వేలు, ఆపైన నగదు తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు, మీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పుకోవలసి వస్తుంది. ధర 50 లక్షలు దాటుతుంది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి పట్టుకునే ఆదాయపు పన్ను) కట్టవలసింది మీరేనని కూడా గుర్తుంచుకోండి. తప్పుకోవడమే మేలనిపిస్తే బయానా సంగతి అగ్రిమెంటులోని మాటల మీద ఉంటుంది. లోను రాకపోతే బయానా తిరిగివ్వాలన్న షరతు ఉందా, గడువు దాటితే ఏమవుతుందని రాశారు, ఇచ్చినది బయానా అని రాశారా అడ్వాన్సు అని రాశారా అన్నవి న్యాయవాదికి చూపించండి. అది ఏజెంటు చెప్పిన న్యాయవాది కాకూడదని వేరే చెప్పనక్కరలేదు. అన్నీ పోయినా 3 లక్షలు. ఒక్క మొదటి దారిలో పెరిగే వాయిదాలే రెండేళ్లు, ఒక నెలకు ఆ మొత్తాన్ని దాటిపోతాయి.

అత్తమ్మ భయం చిన్నది కాదు, దాన్ని తీసిపారేయకండి. ఆడబిడ్డ ఇంటితో ఆమెకు నలభై ఏళ్ల రాకపోకలు. కానీ ఈ మాట అన్నతో మాట్లాడవలసింది మీరు కాదు, మీ వారు. కోడలు మాట్లాడితే అనుమానం అవుతుంది, బావమరిది మాట్లాడితే వ్యవహారం అవుతుంది. ఆయన ఇలా అంటే చాలు: "బావా, నీ మాట మీదనే ఈ ఇల్లు చూసినం. మా బ్యాంకే మళ్లీ వాల్యుయేషన్ చేస్తది, నువ్వు ఆ వీధి రేట్లు రాసియ్యి. ఆ తొంభై ఎనిమిది కాగితం మాత్రం మేం పెట్టం, ఇద్దరివీ నౌకరీలు. రేటు తగ్గించి ఇప్పియ్యి, నీ కమీషన్ల రూపాయి తగ్గది." దీనికి ఆయన కోపగించుకుంటే, ఆ రెండో వాల్యుయర్‌కు ఇంకేమేమి మాట ఇచ్చి ఉన్నాడో మీ వారే నెమ్మదిగా అడగవలసి ఉంటుంది. సోమవారం నాడు బ్యాంకు మేనేజరుకు ఇచ్చే ఉత్తరం రెండు ప్రతులు రాసుకుని, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.